నలభై ఆరు ప్రశ్నలు

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఈరోజు కొత్త మాక్ టెస్ట్ రాయలేదు. పోయిన ఆదివారం రాసిన పేపరునే మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను. పొద్దున ఐదున్నరకు మిద్దె ఎక్కాను. ఎండ తగిలి కిందికి దిగేసరికి ఏడున్నర. రెండు గంటల్లో పన్నెండు ప్రశ్నలు కూడా దాటలేదు. లా కాలేజీలో సీటు కోసం రాసే లాసెట్‌లో 90 నిమిషాలకు 120 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. ఈ లెక్కన నేను చేస్తే హాలు మూసి తాళం వేసుకుని పోతారు. అయినా ఈ మూడు నెలల్లో ఇంత పనికొచ్చిన ఆదివారం ఇంకోటి లేదు.

నోటుబుక్కు వెనక అట్ట మీద మార్కులు రాసి పెట్టుకుంటున్నాను. 61, 68, 73, 72, 73, 74. మొదటి రెండు వారాలు చూసి నాకు నేనే భుజం తట్టుకున్నాను. తర్వాత గానుగెద్దు తిరిగినట్టు అక్కడక్కడే. ప్రతి ఆదివారం కొత్త పేపరు రాయడం, మార్కులు లెక్కేసుకోవడం, ఉసూరుమనడం, పేపరు మడిచి బీరువా పైన పడేయడం. క్వాలిఫై అవడానికి 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఆ భయం లేదు. కానీ ఇల్లు వదిలి వేరే ఊళ్లో మూడేళ్లు ఉండి చదివే పరిస్థితి లేదు నాకు. కర్నూలులోనే సీటు రావాలి. దానికి ర్యాంకు కావాలి.

పంతొమ్మిదేళ్లుగా ప్లీడరు గుమాస్తాను. వకాల్తాలు, మెమోలు, కాపీ అప్లికేషన్లు, పార్టీలకు ఫోన్లు, వాయిదాల డైరీ. డిగ్రీ ఎప్పుడో అయింది. ఈ వయసులో లా ఏంటి అని బంధువులు అంటే, లాయర్ల మధ్యే కదా బతుకుతున్నాను, నాకు ఈ పరీక్ష ఎంతలే అనుకున్నాను. అసలు గొడవంతా ఆ అనుకోవడంలోనే ఉందని ఈరోజు మిద్దె మీద తెలిసింది.

74 మార్కులు పోను మిగిలినవి 46 ప్రశ్నలు. అందులో 35 తప్పులు, 11 ఖాళీలు. ఒక్కో తప్పు పక్కన ఎందుకు తప్పిందో ఒక్క మాట రాద్దామని మొదలుపెట్టాను. మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

సూత్రం: ఒకరి భూమిలోకి వారి అనుమతి లేకుండా వెళ్తే అక్రమ ప్రవేశం. నష్టం జరిగిందా లేదా అనేది చూడనక్కర్లేదు. సంగతి: బస్సు అందుకోవాలని రాము, సోము పొలంలోంచి అడ్డంగా నడిచిపోయాడు. పంటకేం కాలేదు. రాము బాధ్యుడా?

కాదు అని పెట్టాను నేను. ఇప్పుడు చదివినా కాదనే అనిపిస్తోంది. పొలంలో నడిచాడని దావా వేయడానికి ఎవరన్నా వస్తే మా సార్ ఏమంటారో నాకు తెలుసు. "పోప్పా, పోయి పని చూసుకో" అంటారు. ఆ దోవలో ఎన్నేళ్లుగా నడుస్తున్నారు, ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా నడిచుంటే దారి హక్కు వస్తుంది కదా, సర్వేయరు వచ్చాడా, గట్టు ఎవరిది... ఇన్ని ఆలోచనలు నాకు. మా పాప కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెడుతూ పేపరులోకి తొంగి చూసింది. తొమ్మిదో తరగతి.

"బాధ్యుడే కదా నాన్నా."

"ఎట్లా చెప్తావు?"

"పైన రాసే ఉంది కదా!"

అంతే. నిజంగానే పైన రాసే ఉంది. ప్రశ్న నన్ను కోర్టులో ఏం జరుగుతుందని అడగలేదు. ఈ సూత్రం ఇస్తున్నాం, ఈ సంగతికి దీన్ని పెట్టి చూడు అని మాత్రమే అడిగింది. నేను పైలైను మీద కన్ను కూడా నిలపకుండా, నాకు తెలుసులే అని కిందికి దూకేశాను.

తర్వాత పని చకచకా సాగింది. 35 తప్పుల్లో అసలు తెలియనివి 14. 'కానిది ఏది' అన్నదాన్ని 'అయినది ఏది' అని చదివేసుకున్నలాంటి తప్పులు 9. మిగిలిన 12 రాము, సోముల జాతి. వాటి పక్కన 'అతి' అని రాశాను, అతి తెలివికి పొట్టి రూపం. ఆ పన్నెండులో తొమ్మిది చివరి భాగంలోనివే. లా చదవడానికి ఆప్టిట్యూడ్ ఉందా అని చూసే భాగం అది, ఒక్కదానికే 60 మార్కులు. కళ్లు మూసుకుని కొట్టేస్తాననుకున్నది అక్కడే. జీకే, మెంటల్ ఎబిలిటీకి 30, కరెంట్ అఫైర్స్‌కి 30.

సెక్షన్ల కథ ఇంకోటి. 302 అంటే హత్య అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక అది 103 అయింది. 420 పోయి 318 వచ్చింది. కొత్తవి నాకు తెలియక కాదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాల కేసులు పాత ఐపీసీ కిందే నడుస్తున్నాయి కాబట్టి పగలంతా ఫైళ్ల మీద రెండు రకాల నంబర్లూ రాస్తుంటాను. పరీక్షలో తొందర పడితే చెయ్యి పాతదాని మీదికే పోతోంది. ఒక అట్టముక్క మీద పాతది, వెనక కొత్తది రాసి, ఇరవై ముక్కలు చేసి చొక్కా జేబులో వేసుకున్నాను. మా కేసు పిలిచేదాకా కోర్టు హాలు వరండాలో తిప్పుకోవచ్చు.

జీకేలో పోయిన ఒక ప్రశ్నకు మాత్రం సిగ్గేసింది. కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ఏ సంవత్సరం? నేను 1953 పెట్టాను. కొండారెడ్డి బురుజు పక్కనే పుట్టి పెరిగిన మనిషిని. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం రావడం, హైకోర్టు గుంటూరుకు పోవడం చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఒడంబడిక దానికి చాలా ముందు, 1937 నవంబర్ 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో జరిగింది. మన ఊరి సంగతే కదా అని ఒక్క పేజీ తిప్పలేదు. దాని పక్కన కూడా 'అతి' అనే రాశాను.

ఇక ఆ 11 ఖాళీలు. నెగటివ్ మార్కులు లేని పరీక్షలో ఖాళీ వదలడమంటే ఎవరికి దానం చేస్తున్నట్టు? టైం అయిపోయి వదిలేశాను. టైం ఎక్కడ పోయిందంటే, ఒక కోడింగ్ లెక్క దగ్గరా, మేనమామ కూతురు అత్తకు ఏమవుతుందనే చుట్టరికం చిక్కు దగ్గరా. ఆ రెంటికే ఏడు నిమిషాలు తగలేసినట్టు గుర్తు. ఈరోజు గడియారం లేకుండా ఆ పదకొండూ చేస్తే ఎనిమిది సరిగ్గా వచ్చాయి. అంటే 74 కాదు, 82. వచ్చే మాక్‌లో లా భాగం ముందు చేస్తాను, తర్వాత కరెంట్ అఫైర్స్, లెక్కలు చివర్లో. చివరి రెండు నిమిషాలు మిగిలినవాటికి ఏదో ఒకటి పెట్టేయడానికే.

మధ్యలో ఉగ్గాని, బజ్జీ తిని గంటన్నర నిద్రపోయాను. దాన్ని కూడా చదువులో కలిపేయమంటే కలిపేస్తాను.

సాయంత్రం మా ఆవిడ చింతపండు ముందేసుకుని గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని కేసులు కథలుగా చెప్పాను. పుస్తకం చూడకుండా. ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు గానీ చదివినదంతా వచ్చినట్టే ఉంటుంది, పైకి చెప్పబోతే గాని ఎక్కడ రాదో తెలియదు. 1919 నాటి బాల్ఫోర్ కేసు చెప్పాను. భర్తకు సిలోన్‌లో ఉద్యోగం. భార్య జబ్బు చేసి ఇంగ్లండ్‌లో ఉండిపోయింది. నెలకు 30 పౌండ్లు పంపిస్తానన్నాడు. తర్వాత ఇద్దరికీ చెడింది. ఆమె కోర్టుకు పోతే, మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటి మాటలు చట్టానికి కట్టుబడాలనే ఉద్దేశంతో అనుకున్నవి కావు, కాబట్టి ఒప్పందం కాదు అన్నారు.

ఆవిడ గింజ పక్కన పడేసి, "ఆ జడ్జీలంతా మగవాళ్లేనా?" అంది.

"ముగ్గురూ మగవాళ్లే."

"అదీ సంగతి. మరి పోయిన ఎండాకాలం మీరు కొంటానన్న కూలర్ కూడా అంతేనా?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న వల్లే బాల్ఫోర్ కేసు ఇక జన్మలో మర్చిపోను.

కరెంట్ అఫైర్స్‌కి మాత్రం ఇలాంటి కిటుకు దొరకలేదు. 30కి 17. పేపరు రోజూ చదువుతాను. ఆఫీసులో మా సార్ చదివి పెట్టాక నాకొస్తుంది. వారం దాటితే ఏదీ నిలవదు. శనివారం రాత్రి పుస్తకం, ఫోన్ మూసి ఆ వారంలో గుర్తున్నవి పది రాయాలని పెట్టుకున్నాను. నిన్న నాలుగే వచ్చాయి, అందులో రెండు క్రికెట్. ముప్పై రోజుల్లో ర్యాంకు అని అట్ట మీద అచ్చేసిన గైడు ఒకటి కొని నెలైంది. దాని పాత ప్రశ్నలు బాగున్నాయి, సలహాలన్నీ సోది.

వచ్చే ఆదివారం ఈ 46నే మళ్లీ రాస్తాను, 35 నిమిషాలు పెట్టుకుని. ఆ తర్వాతే కొత్త పేపరు. పాప ఫోన్‌లో టైమర్ పెడతానంది.

రేపు రెండు వాయిదాలు. ఒకటి ట్రయల్‌కు వచ్చింది, పదకొండేళ్ల గట్టు తగాదా. సర్వే స్కెచ్ కాపీ సంచిలో పెట్టానో లేదో లేచి చూసుకోవాలి.