నయాగరా దారిలో లూసీ ఊరు

పోయిన చలికాలం పిట్స్‌బర్గ్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. వాళ్లిద్దరూ ఆఫీసు పనంటూ చెరో గదిలో తలుపేసుకుంటే, మనవరాలు బడి నుంచి వచ్చేదాకా నాకు టీవీయే దిక్కు. ఓ మధ్యాహ్నం ఛానెళ్లు మారుస్తుంటే నలుపు తెలుపు బొమ్మలో ఒకావిడ కనిపించింది. చాక్లెట్ ఫ్యాక్టరీలో పని. బెల్టు మీద గబగబా వచ్చిపడే చాక్లెట్లకి కాగితం చుట్టలేక నోట్లో కుక్కుకుంటోంది, టోపీలో దాస్తోంది, జాకెట్లో వేసుకుంటోంది. ఒక్కదాన్నే కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను.

ఆ సీరియల్ 'ఐ లవ్ లూసీ'. ఆవిడ లూసిల్ బాల్. సగం మాటలు నాకు అర్థమయ్యేవి కావు. కళ్లు ఇంతలేసి చేసుకుని మూతి వంకర పెట్టిందంటే మొగుడికి దొరికిపోయిందన్నమాట, అంతే. మొగుడు రికీ క్యూబా వాడు. కోపం వస్తే ఇంగ్లీషు వదిలేసి స్పానిష్‌లోకి దిగుతాడు. మా ఇంట్లోనూ ఇదే వరస. మా కోడలు పంజాబీ. నన్ను 'అత్తయ్యా' అనడం శ్రద్ధగా నేర్చుకుంది గానీ, మావాడి మీద చిర్రెత్తితే మాత్రం పంజాబీయే.

మే నెలలో నయాగరా ప్రయాణం పెట్టుకున్నారు. లూసీ పుట్టిన ఊరు, ఆవిడ సమాధి ఉన్న ఊరు జేమ్స్‌టౌన్ అటువైపే ఉందని విని, ఆగుదామన్నాను. "అందరూ జలపాతం చూడ్డానికి వెళ్తారు, నువ్వు సమాధి చూస్తానంటావేంటమ్మా?" అన్నాడు మావాడు. కోడలు నా పక్షాన నిలబడింది. పులిహోర డబ్బా, పెరుగన్నం సర్దుకుని పొద్దున్నే బయల్దేరాం. ఈరీ దాకా హైవే మీద చెప్పుకోడానికేమీ లేదు. అక్కణ్ణించి న్యూయార్క్ రాష్ట్రంలోకి మళ్లాక షటాక్వా సరస్సు పక్కన పచ్చగా కొండలు మొదలయ్యాయి.

జేమ్స్‌టౌన్ చిన్న ఊరు. ఒకప్పుడు కుర్చీలు, బల్లలు చేసే ఫ్యాక్టరీలతో బతికింది. ఇప్పుడు గోడల మీద లూసీ బొమ్మలు. 2018లో నేషనల్ కామెడీ సెంటర్ అని పెద్ద మ్యూజియం కూడా పెట్టారు. మేం మాత్రం లూసీ-డెజీ మ్యూజియంలోనే మూడు గంటలు గడిపేశాం. సీరియల్లో మొగుడు రికీగా వేసిన డెజీ ఆర్నాజ్ నిజంగానే ఆవిడ భర్త. ఎర్రజుట్టు అమెరికన్ పిల్లకి యాసతో మాట్లాడే క్యూబా మొగుడంటే జనం ఒప్పుకోరని టీవీ వాళ్లు సందేహించారట. అయితే చూడండని ఇద్దరూ 1950లో ఊళ్లు తిరిగి స్టేజీల మీద ఆడారు. జనం నవ్వారు. ఆ మరుసటి ఏడు అక్టోబరు 15న సీరియల్ మొదలైంది.

అది చదువుతూ నేను కోడలి వైపు చూడలేదు. మావాడు పెళ్లి మాట ఎత్తినప్పుడు నేనూ టీవీ వాళ్ల మాటే అన్నాను.

ఇంకో సంగతి. న్యూయార్క్ వచ్చి లైవ్‌గా చెయ్యమంటే, హాలీవుడ్ వదిలి రామన్నారు ఈ దంపతులు. అప్పట్లో హాలీవుడ్ నుంచి లైవ్ చేస్తే, దేశం ఆ చివరన ఉన్నవాళ్లకి టీవీ తెర మీంచి తీసిన మసక కాపీయే దక్కేది. అందుకని ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో, సినిమా ఫిల్ము మీద తీశారు. ఖర్చు పెరిగింది కాబట్టి జీతం తగ్గించుకుని, బదులుగా ఆ ఫిల్ముల హక్కులు తీసుకున్నారు. డెబ్బై ఏళ్ల తర్వాత నేను పిట్స్‌బర్గ్ సోఫాలో కూర్చుని అంత స్పష్టంగా చూశానంటే అదీ కారణం.

1952లో లూసీ నిజంగానే గర్భవతి అయితే దాన్ని కథలో పెట్టారు గానీ 'ప్రెగ్నెంట్' అన్న మాట మాత్రం వాడనివ్వలేదు. 'ఎక్స్‌పెక్టింగ్' అనాలి. కోడలు పకపకా నవ్వింది. మన దగ్గర మాత్రం? మా అమ్మ ఏనాడూ 'నీళ్లోసుకుంది' అనే తప్ప ఇంకోమాట అనలేదు. సీరియల్లో బిడ్డ పుట్టిన 1953 జనవరి 19నే లూసీకి నిజంగా కొడుకు పుట్టాడు. ఆ రాత్రి 4 కోట్ల 40 లక్షల మంది చూశారంటారు.

'వీటామీటావెజమిన్' అనే టానిక్కు ప్రకటన చేస్తూ, స్పూను మీద స్పూను తాగి లూసీ మత్తెక్కిపోయే ఎపిసోడ్ ఒకటుంది. ఆ సెట్టులో మనమూ నిలబడి ప్రకటన చదవచ్చు. పేరులోనే మాంసం ఉంది, శాకాహారిని నాకెందుకన్నా వినలేదు. నిలబెట్టారు. ఒట్టి సీసాతోనే రెండోసారికి నాలుక మడతపడింది. కోడలు గడగడా చదివేసింది.

శ్మశానంలో ఎక్కువసేపు లేము. ఆవిడ 1989లో లాస్ ఏంజిలస్‌లో పోతే, తర్వాతెప్పటికో పిల్లలు అస్థికలు ఇక్కడికి తెచ్చి అమ్మానాన్నల పక్కన పెట్టారు. రాతి మీద 'ఇంటికొచ్చేశావు' అని ఉంది. నాలుగేళ్లు నిండకుండానే టైఫాయిడ్‌తో తండ్రిని పోగొట్టుకున్న పిల్ల.

అక్కణ్ణించి ఆవిడ పెరిగిన సెలొరాన్. సరస్సు ఒడ్డున పార్కులో రెండు లూసీ విగ్రహాలున్నాయి. 2009లో పెట్టిన మొదటిది చేతిలో సీసా, స్పూను పట్టుకుని, గుడ్లురిమి, పళ్లికిలించి ఉంటుంది. 'స్కేరీ లూసీ' అని జనం గోల పెడితే, చేసిన శిల్పి క్షమాపణ చెప్పాడు. 2016 ఆగస్టు 6న, ఆవిడ పుట్టినరోజున, అందమైన కొత్తది పెట్టారు. పాతదాన్ని తీసెయ్యలేదు, కాస్త దూరం జరిపారు. ఫొటోల కోసం జనం మూగుతున్నది దాని దగ్గరే. నాకూ అదే నచ్చింది. అందగత్తె అయ్యుండీ మొహం పాడైపోతుందని ఏనాడూ జంకని మనిషి. మన సావిత్రి శశిరేఖ రూపంలో ఘటోత్కచుడై ఆడించిన ఆ మొహం గుర్తొచ్చింది.

మనవరాలు విగ్రహం పక్కన నిలబడి అచ్చం అలాగే పళ్లికిలించింది. "అత్తయ్యా, మీరూ!" అంది కోడలు. పెట్టాను. ఆ ఫొటో అప్పటికప్పుడే లుధియానాలో వియ్యపురాలికి వెళ్లిపోయింది. మావాడు కారులోంచి హారన్ కొడుతూనే ఉన్నాడు.

నయాగరా చేరేసరికి చీకటిపడి జలపాతం మీద రంగుల లైట్లు వేసేశారు. హోటల్లో పడుకోబోతుంటే లుధియానా నుంచి జవాబొచ్చింది. మాటేమీ లేదు, ఫొటో. వియ్యపురాలు కళ్లు ఇంతలేసి చేసుకుని, మూతి వంకర పెట్టింది.