ఒక్క రాత్రికి సరిపడా ఎండ

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. పోయిన సంక్రాంతి తర్వాత టమాటా కిలో ఐదు రూపాయలకు పడిపోయింది. తెంపిన కూలి కూడా రాదని, నా భార్య, ఆమె మహిళా సంఘంలో ఇంకో నలుగురు కలిసి ఒరుగులు చేద్దామనుకున్నారు. పాలిథిన్ కప్పిన సోలార్ డ్రయర్ అంతకుముందే ఉంది. పగలు బాగానే ఎండేవి. సాయంత్రం ఎండ దిగేసరికి ముక్క లోపల ఇంకా పచ్చిగానే ఉండేది, రాత్రి మంచుకు మళ్లీ మెత్తబడేది. మూడో రోజు పొద్దున చూస్తే ట్రేల అంచుల్లో తెల్లటి బూజు. నలభై కిలోలు పెంటకుప్ప మీద పోశాం. ఆ ట్రేలు కడుగుతున్నంతసేపు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. పగటి ఎండను రాత్రి పదకొండు దాకా ఎలాగైనా నిలపాలన్న పట్టుదల నాకు ఆ రోజే వచ్చింది.

బ్యాటరీ ధర అడిగి ఊరుకున్నాను. మనకు కావాల్సింది వేడే అయినప్పుడు మధ్యలో బ్యాటరీ ఎందుకు అనిపించింది. అప్పుడే ఫిన్లాండ్ సంగతి చదివాను. అక్కడ కంకాన్‌పా అనే ఊళ్లో పోలార్ నైట్ ఎనర్జీ అనే సంస్థ 2022లో దాదాపు 100 టన్నుల ఇసుకను ఇనుప సైలోలో, అంటే పెద్ద గాదెలో పోసి, మిగులు కరెంటుతో 500 డిగ్రీలు దాటేలా కాచి, ఆ వేడిని ఇళ్లకు అందిస్తోంది. 8,000 యూనిట్ల దాకా వేడి అందులో నిలుస్తుంది. మన దగ్గర ఇసుకకు కొదవ లేదు, ఎండకు అసలే లేదు. నాకు కావాల్సింది ఒక్క రాత్రికే.

చిన్న ఇనుప డ్రమ్ము తెచ్చి, లోపలి రంగు, నూనె పోయేదాకా మంట పెట్టి కాల్చాను. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక 160 కిలోలు పోశాను. 540 వాట్ల ప్యానెళ్లు మూడు, మధ్యలో ఒక పెద్ద హీటర్. ఒక యూనిట్ కరెంటుకు అంత ఇసుక 28 డిగ్రీలు వేడెక్కాలి. ఐదు యూనిట్లు వస్తే 140 డిగ్రీలు పెరగాలని లెక్క వేసుకున్నాను.

మొదటి రోజు డ్రమ్ములో వేడి చూపే మీటరు 98 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. సాయంత్రం దాకా కదల్లేదు. మూత సందుల్లోంచి ఆవిరి, డ్రమ్ము పక్కన నీటి చారలు. పైకి పొడిగా కనిపించిన ఇసుకలో తేమ ఉంది. వందకు ఐదు వంతులు తేమ అనుకున్నా 160 కిలోల్లో ఎనిమిది లీటర్ల నీళ్లు. వాటిని మరిగించి ఆవిరి చేయడానికే ఆరు యూనిట్ల దాకా పడుతుంది. అంటే ఆ రోజు ఎండ మొత్తం నీళ్లకే పోయింది. ఇసుకంతా తీసి, గచ్చు మీద నాలుగు రోజులు ఆరబోశాం.

రెండోసారి అసలు దెబ్బ తగిలింది. మధ్యాహ్నానికి హీటర్ దగ్గర 430 డిగ్రీలు, జానెడు దూరంలో 70. రెండు రోజుల్లో కాయిల్ తెగిపోయింది. టెన్షన్‌తో అన్నం కూడా తినబుద్ధి కాలేదు. అమ్మ వచ్చి డ్రమ్ములోకి చూసి, ‘‘ఇసుకను ఊకెనే పొయ్యి మీద పెడ్తే కాలుతదా బిడ్డా? పల్లీలు ఏంచేటప్పుడు తిప్పుకుంట ఉండమా? తిప్పకుంటే అడుగు మాడ్తది, పైన సల్లగనే ఉంటది’’ అన్నది. మూకుట్లో ఇసుక పోసి పల్లీలు వేయించడం చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్నే. ఇసుక వేడిని దాచుకుంటుంది గానీ పక్కదానికి త్వరగా ఇవ్వదు. గింజకూ గింజకూ మధ్య గాలి ఉంటుంది కదా. రాత్రంతా వేడి నిలవడానికీ, నా కాయిల్ తెగడానికీ కారణం ఒకటే.

డ్రమ్ములో ఇసుకను తిప్పలేం. అందుకని వేడినే పంచాను. ఒక పెద్ద హీటర్‌కు బదులు 250 వాట్ల సన్న హీటర్లు ఆరు, ఏ ఇసుక గింజా హీటర్‌కు మరీ దూరంగా లేకుండా చుట్టూ దించాను. వాటి మధ్య నుంచి గాలి పోయే ఇనుప పైపులు. తినే వస్తువు మీదికి పోయే గాలి కాబట్టి జింకు పూత ఉన్న జీఐ పైపులు వాడలేదు. గాలి పైపుల్లోనే తిరుగుతుంది, ఇసుకను తాకదు, ఒరుగుల మీద దుమ్ము పడదు. ఫ్యాన్ చల్లగాలి వైపే ఉండాలి. ఇంకో మాట: ఇంటి కరెంటుకు (ఏసీ) వాడే మామూలు థర్మోస్టాట్‌ను, అంటే వేడి పెరిగితే కరెంటు ఆపే స్విచ్‌ను, ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటుకు తగిలించకండి. స్విచ్ ఆపేటప్పుడు పాయింట్ల మధ్య లేచే మెరుపు డీసీలో త్వరగా ఆరదు, పాయింట్లు అతుక్కుపోతాయి. డీసీకి తగిన స్విచ్చే కొనాలి.

వేడి బయటికి పోకుండా చుట్టూ ఇటుక గోడ కట్టి, మధ్యలో ఊక బూడిద నింపాం. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్లకు ఊకే కాలుస్తారు, బూడిద కుప్పలుగా ఉంటుంది. ఊకే పోసేయొచ్చు కదా అన్నారు కొందరు. వేడికి అది లోలోపల రాజుకుంటుంది, వద్దు. బూడిద పోసేటప్పుడు మూతికి తడిబట్ట కట్టుకోవాలి.

వేడిని ఇసుకలో కాకుండా నీళ్లలో దాచుకోవచ్చు కదా అని మా బామ్మర్ది అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. బరువుకు బరువు చూస్తే నీళ్లు ఇసుక కన్నా ఐదు రెట్లు వేడి పట్టుకుంటాయి. కానీ వంద దగ్గర మరుగుతాయి. పైగా ఆ వేడిని గాలికి ఎక్కించాలంటే పంపు, రేడియేటర్ కావాలి. ఇసుక నాలుగైదు వందల డిగ్రీలకైనా జంకదు. పెద్ద సైలోలో అయితే వారాల తరబడి వేడి నిలుస్తుంది. చిన్న డ్రమ్ముకు ఉన్న ఇసుకతో పోలిస్తే వేడి బయటికి పోయే ఉపరితలం ఎక్కువ, కాబట్టి నాది ఒక్క రాత్రి సరుకే.

మూడోసారి పెట్టిన రోజు సాయంత్రం ఐదున్నరకు డ్రమ్ము నడుమ 150 డిగ్రీలు ఉంది. బయటి గాలి కలిపి 60 డిగ్రీలకు తెచ్చి డ్రయర్‌లోకి వదిలాం. పదకొండింటికి ఆ గాలి ఇంకా 48 డిగ్రీలు ఉంది. పొద్దుగూకేసరికి చాలావరకు ఎండిన ముక్కల్లో మిగిలిన తడిని లాగడానికి అది సరిపోయింది. తెల్లారి నా భార్య ఒక ముక్క తీసి వంచింది. టప్‌మని విరిగింది. ఇంకోటి తీసి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు రెండో డ్రమ్ము తయారవుతోంది. దీనికి వాగు ఇసుక వాడటం లేదు. దుందుభిలో ఇసుక తోడితే ఎవరి బోర్లు ఎండుతాయో మాకు తెలుసు. ఫిన్లాండ్ వాళ్లు కూడా 2025లో పోర్నైనెన్‌లో కట్టిన పెద్దదానికి ఇసుక తవ్వలేదు, పొయ్యిల కంపెనీలో మిగిలిన బలపం రాయి పొడి 2,000 టన్నులు నింపారు. మాకు దగ్గర్లోనే క్రషర్ ఉంది, రాతి డస్ట్ ఒక ట్రాక్టర్ తెచ్చాం. నాలుగు రోజులుగా గచ్చు మీద ఆరుతోంది. రోజుకు రెండుసార్లు అమ్మే పారతో తిరగేస్తోంది.