బడి కాల్‌కి బ్లర్, నానమ్మ కాల్‌కి గంగిరెద్దు

మా పిల్లల వీడియో కాల్స్ చూస్తే ఒకే ఇంట్లోంచి మాట్లాడుతున్నట్టు ఉండదు. స్కూలు వాళ్ళతో, ఫ్రెండ్స్‌తో అయితే వెనకాల అంతా బ్లర్. గోడ మీద తెలుగు క్యాలెండరు గానీ, టేబుల్ మీద ఆరబెట్టిన వడియాలు గానీ ఎవరికీ కనపడకూడదు. అదే ఆదివారం పొద్దున తెనాలి దగ్గరున్న నానమ్మ, తాతయ్యలతో అయితే ఇంట్లో లేని ఊరంతా బ్యాక్‌గ్రౌండ్ బొమ్మగా తెచ్చి వెనకాల పెట్టుకుంటారు. మేముండేది డాలస్‌లో. ఇక్కడ 8:30 అంటే ఎండాకాలంలో అక్కడ సాయంత్రం 7, చలికాలంలో 8, కాబట్టి నానమ్మ సీరియల్‌ని బట్టి మా టైమ్ మారుతుంటుంది.

ఈ బ్యాక్‌గ్రౌండ్ల పిచ్చి పట్టకముందు ఆ కాల్స్ తిన్నావా, చదువుకుంటున్నావా దగ్గరే ఆగిపోయేవి. మొదట చిన్నాడు ఆంధ్రా పల్లెటూరు బొమ్మ కావాలని ఏఐని అడిగాడు, అది కేరళ హౌస్‌బోటు, పక్కనే ఓ ఏనుగు గీసిచ్చింది. మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని "ఇదెవరి ఊర్రా నాన్నా, మన కాలవకి ఏనుగెప్పుడొచ్చింది?" అన్నారు. మర్నాడే మావయ్యగారు ఫోన్ పట్టుకెళ్ళి కాలవగట్టు, రావిచెట్టు, పక్కింటి పెంకుటిల్లు ఫొటోలు తీసి పంపారు, అన్నీ నిలువుగానే. బ్యాక్‌గ్రౌండ్‌కి అడ్డం ఫొటో కావాలి, జూమ్‌కి 1920 × 1080 పిక్సెల్స్ అయితే సరిగ్గా సరిపోతుంది. ఫోన్ అడ్డంగా పట్టుకో తాతయ్యా అని వీడు చెప్పడం, ఆయన ఫోన్‌తో పాటు తానూ పక్కకి వంగిపోవడం, అదో వేడుక.

బొమ్మ ఎంత బాగున్నా నట్టనడుమ ఉన్నదాని ముందు మన తలకాయే ఉంటుందని మా పెద్దదానికి సంక్రాంతికి తెలిసింది. కష్టపడి గీసిన చుక్కల ముగ్గులో ఒక్క చుక్క కనపడలేదు. తర్వాత ముగ్గుని పైమూలలకి జరిపింది, గొబ్బెమ్మలు భుజాల పక్కకి వచ్చాయి. బొమ్మలో ఎండ ఏ వైపు నుంచి పడుతుంటే మన కిటికీ కూడా ఆ వైపే ఉంటే అతికించినట్టు అనిపించదు. వెనకాల ఆకుపచ్చ దుప్పటి కడితే జుట్టు అంచులు తెగవు, కానీ ఆ రోజు ఆకుపచ్చ పరికిణీ కట్టుకుంటే నడుము నుంచి కిందికి మనిషి మాయం! తెలుగులో ఏమైనా రాస్తే మన స్క్రీన్ మీద తిరగబడి కనిపిస్తుంది, కంగారుపడి బొమ్మని తిప్పేయకండి, అవతలివాళ్ళకి సరిగ్గానే ఉంటుంది.

ఫిల్టర్ల గొడవ వేరే. స్నాప్‌చాట్ వాళ్ళ లెన్స్ స్టూడియోలో మా పెద్దది గంగిరెద్దు ఫిల్టర్ చేసింది. నెత్తిన రంగుల కుచ్చులతో కొమ్ములు, నోరు తెరిస్తే సన్నాయి. కంప్యూటర్ కాల్స్‌లోకి ఫిల్టర్లు తెచ్చే స్నాప్ కెమెరా 2023 జనవరిలో ఆగిపోయింది, అందుకని ఫోన్‌లోనే రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపుతుంది. (2021లో మా టెక్సాస్‌లోనే ఒక లాయరు గారు పిల్లి మొహంతో జూమ్‌లో కోర్టుకి హాజరయ్యారు కదా, అప్పట్నుంచి డాక్టరు కాల్‌కి ముందు "ఫిల్టర్ తీశావా?" అని అడగడం మా ఇంట్లో అలవాటు.)

నాకు ఒళ్ళు మండేది అందం ఫిల్టర్లంటే. చర్మం నునుపు చేసే వంకతో కొన్ని రంగు కూడా తేల్చేస్తాయి. అలాంటిది పెట్టుకుని ఒకసారి మా పెద్దది మాట్లాడితే మా బంధువులావిడ "అబ్బ, అమెరికా నీళ్ళు పడ్డాయే, తెల్లబడ్డావ్!" అని మురిసిపోయింది. ఇక్కడ క్లాసులో రంగు గురించి వేరే లెక్కలు, అక్కడ చుట్టాల్లో వేరే లెక్కలు, మధ్యలో పద్నాలుగేళ్ళ పిల్ల. నేను లెక్చరు మొదలుపెట్టేలోపే అది "అమ్మా, దాంట్లో బ్రైట్‌నెస్ ఎంత ఉండాలో ఎవరో కూర్చుని పెట్టారు, నేను కొమ్ముల సైజు పెట్టినట్టే" అంది. తన చేత్తో ఒకటి చేశాక వచ్చిన తెలివి అది, నేనెన్నిసార్లు నీ రంగు బాగుంటుందే అన్నా రాలేదు. బంధువులావిడకి మాత్రం ఇంకా చెప్పలేదు, చెప్పినా వింటారన్న ఆశ లేదు.

బడి కాల్స్‌లో బ్లర్ తీసెయ్యమని నేను బలవంతపెట్టను. ఇల్లు ఎవరికి చూపించాలో వాళ్ళిష్టం, నేను మాత్రం ఆఫీసు మీటింగుల్లో వంటిల్లు చూపిస్తున్నానా?

ఇప్పుడు మా అత్తగారికీ బ్యాక్‌గ్రౌండ్ కావాలట. హైదరాబాద్‌లో ఉండే వాళ్ళక్కయ్యతో మాట్లాడేటప్పుడు వెనకాల మా డాలస్ ఇల్లు ఉండాలి, ఇంటి మీద మంచు పడుతూ ఉండాలి. ఇక్కడ మంచు పడేదే అరుదు, ఏ జనవరిలోనో పడితే తీసి పంపుతానని చిన్నాడు మాటిచ్చాడు. ఈలోగా గ్యారేజీ ముందు కారుతో సహా ఒకటి పంపమన్నారు, అడ్డంగా.