అండాలు అని రాయండి

మా బడి పూర్వ విద్యార్థుల సంచిక పని చూస్తున్న తమ్ముడు మొన్న ఫోన్ చేసి, "అక్కా, మీ బ్యాచ్ మగవాళ్లంతా దొరికిండ్రు, ఆడవాళ్లే దొరుకుతలేరు" అన్నాడు. ఎట్లా దొరుకుతారు? పెళ్లిళ్లతో ఇంటిపేర్లు మారాయి. కొందరికి అసలు పేర్లే మారాయి. కానీ మా హాజరు పట్టీని నేను ఇప్పటికీ చూడకుండా చదవగలను.

మా క్లాసులో యాదమ్మలే ముగ్గురు. సార్ పొడుగు యాదమ్మ, వాగుకాడి యాదమ్మ, కొత్త యాదమ్మ అని పిలిచేవారు. కొత్త యాదమ్మ ఆరో తరగతిలో వచ్చి చేరింది, పదో తరగతి దాకా కొత్త యాదమ్మే. ఇద్దరు సైదమ్మలు, లింగమ్మ, భిక్షమమ్మ, పెంటమ్మ, నేను. పేరు వింటే చాలు, ఏ ఇంటివాళ్లు ఎక్కడ మొక్కుకున్నారో తెలిసేది. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కితే పుట్టినవాళ్లు యాదమ్మలు. చెర్వుగట్టు రామలింగేశ్వరుడు ఇచ్చిన పిల్ల లింగమ్మ. సైదమ్మలు జాన్‌పహాడ్ సైదులు దర్గా బిడ్డలు. ఇద్దరివీ హిందువుల ఇండ్లే. జనవరిలో ఉర్సుకు పోయి కందూరు అనే మొక్కు విందు చేసి వచ్చేవాళ్లు. అందులో వింత ఏముందని మాలో ఎవరూ అడగలేదు.

పిలుపు పేర్ల మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. యాది, లింగి, నర్సి, ఎల్లి. అమ్మ పిలిచినా, తోటి పిల్ల పిలిచినా అంత తీయటి పిలుపు ఇంకోటి లేదు. పైగా మన దిక్కు యాది అంటే జ్ఞాపకం. కానీ అదే పిలుపు పెద్దింటి అరుగు మీద నుంచి వస్తే వేరు. మనుమలున్న ముసలామెను పదేండ్ల పిల్లగాడు "ఏ లింగీ" అని కేకేయడం నా చెవులతో విన్నాను. ఆమె "వస్తున్న దొరా" అంటూ లేచేది. ఆ పేరులోంచి అమ్మను కోసేసి పిలవడమది. చాకలి ఐలమ్మ పేరు వినబడ్డప్పుడల్లా నా మనసు నిండుతుంది. ఐలోని మల్లన్న దేవుడి పేరది. ఇయ్యాల ఆ పేరు చివర అమ్మను తీసేసి పలికేవాళ్లు లేరు. చివర 'అమ్మ' ఉంటే మొరటు పేరని మా ఈడు వాళ్లు చాలామంది అనుకున్నారు. నేనొప్పుకోను.

పెంటమ్మ సంగతి చెప్పాలి. పదో తరగతి పరీక్ష ఫారాలు నింపేటప్పుడు ఒక సార్ "ఇదేం పేరు" అని పద్మ అని రాసేశారు. మంచికే అనుకున్నారు. మార్కుల మెమో ఇంటికి తీసుకుపోతే వాళ్లమ్మ "పద్మ ఎవరు?" అని అడిగిందట. ఆమెకు అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడో బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామె చేత తెప్పించుకుని, ఆ పేరు పెట్టింది. "ఆ పేరు పెట్టినంకనే నా బిడ్డ బతికింది" అని ఏడ్చిందట. భిక్షమమ్మదీ అట్లాంటి కథే, అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అని.

ఫారాలు నింపిన రోజు నాకు పద్మను చూసి అసూయ కలిగింది. నా పేరూ అనిత అని మార్చమని నాయనతో కొట్లాడాను. నాయన ఒప్పుకోలేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున నన్ను గుడికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. "ఈ తిరుప్పావై ముప్పై పాశురాలు పాడిన ఆమె పేరే నీది" అన్నాడు. ఆండాళ్ మా ఊరి నోట అండాలు అయింది. నా పెళ్లప్పుడు అత్తగారింటివాళ్లు పెళ్లి పత్రిక మీద అనిత అనే అచ్చు వేయించారు. అప్పుడు నాకు సంతోషం కలగలేదు.

తమ్ముడూ, జాబితాలో ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు కూడా వెయ్యి. పద్మ పక్కన పాత పేరు వేసేముందు ఆమెనే అడుగు, వద్దంటే వద్దు. నన్ను మాత్రం అండాలు అని రాయి. వాగుకాడి యాదమ్మ ఏ ఊళ్లో ఉన్నా, ఈ సంచిక చేతికొస్తే, ఆ పేరు చూసే నాకు ఫోన్ చేస్తుంది.