ఒక్క పార మట్టికి బెల్టు ఆపేదేంది?

మా ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఎవరికైనా చెయ్యి పోయిందంటే, బయటివాళ్లు రాళ్లు నలిపే క్రషర్‌లో పడిందేమో అనుకుంటారు. ఫిట్టర్‌గా నేను చూసినంతలో ఎక్కువ దెబ్బలు బెల్టు దగ్గరే, అదీ మట్టి ఎత్తేటప్పుడే.

సున్నపురాయి మోసే బెల్టు కొసన టెయిల్ పుల్లీ, అంటే బెల్టు చుట్టుకుని మళ్లీ వెనక్కి తిరిగే డ్రమ్ము, ఉంటుంది. కింది నుంచి తిరిగొచ్చే బెల్టు పుల్లీని కరుచుకునే చోటే రాలిన పొడంతా పేరుకుంటుంది. తీయకపోతే బెల్టు పక్కకు జరిగి అంచు చిరుగుతుంది. తీయాలంటే ఆపాలి. ఇది ఆగితే వెనక బెల్టులు, క్రషర్ వరుసగా ఆగుతాయి. వెంటనే కంట్రోల్ రూం నుంచి ఫోన్: ఎవరు ఆపమన్నారు, ఎంతసేపు?

అందుకే కాంట్రాక్టు పిల్లోళ్లు "ఒక్క పార మట్టే కదన్నా" అని నడిచే బెల్టు కిందే పార పెడతారు. మా బెల్టు వేగం సెకనుకు 1.6 మీటర్లు. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకునేదానికి కనీసం పావు సెకను పడుతుంది. ఆలోపు పార మూరెడు లోపలికి పోతుంది. పట్టుకున్నవాడు వదలడు, ఇంకా గట్టిగా లాగుతాడు. పోయిన ఎండాకాలం ఒక పిల్లోడికి కుడిచేతి రెండు వేళ్లు అట్లే పోయినాయి. లాగితే బెల్టు ఆగే పుల్‌కార్డ్ తాడు పక్కనే ఉంది. కానీ లాగేదానికి రెండో మనిషి లేడు.

విచారణలో "అజాగ్రత్త" అని రాసేశారు. చెయ్యి పోకుండా పుల్లీకి అడ్డంగా ఉండాల్సిన గార్డు బైండింగ్ వైరుతో వేలాడుతున్న సంగతి మాత్రం కాగితం మీదికి రాలేదు. నడిచే యంత్రం దగ్గర ఆయిలింగ్, అడ్జస్ట్‌మెంట్ చేసేవాడు ప్రత్యేకంగా ట్రైనింగ్ అయినవాడై ఉండాలని, వాడికి బిగుతు బట్టలు యాజమాన్యమే ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసి పెట్టారు. మా దగ్గర మే నెలలో అందరి మెడలోనూ తడి తువ్వాలే. ఆ ఎండకు వద్దని చెప్పేదానికి నాకే నోరు రాదు, కనీసం చొక్కాలోపలికి దోపుకోమంటాను.

పనిలో దెబ్బ తగిలినవాళ్లకిచ్చే పరిహారం చట్టం పట్టికలో ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్క. రాతిపని చేసుకునే ఇంట్లో పుట్టిన పిల్లోడు, సుత్తి పట్టలేని చేతికి 20 శాతమంట! ఎవరు కొలిచారో.

ఇప్పుడు నా షిఫ్టులో మట్టి తీయాలంటే బెల్టు ఆగాల్సిందే, స్విచ్‌కు తాళం పడాల్సిందే, తాళంచెవి మట్టి తీసేవాడి జేబులోనే ఉండాల్సిందే. లాగ్ బుక్కులో కారణం దగ్గర నా పేరే రాసుకోమన్నాను. గార్డుకు బోల్టులు కావాలని స్టోర్‌కు ఇండెంట్ కాగితం కూడా పెట్టాను. స్టాకు లేదంటున్నారు, రేపు మళ్లీ స్టోర్‌కు పోవాల.