ఎనిమిదేళ్లు ఆగిన రెండో భాగం

డానీ బాయిల్ తీసిన ‘28 డేస్ లేటర్’ 2002లో వచ్చింది, రోగం సోకినవాళ్లు మిగతావాళ్ల మీద పడే భయానక సినిమా. ఆయనా, రచయిత అలెక్స్ గార్లాండూ మళ్లీ కలిసి ‘28 ఇయర్స్ లేటర్’ విడుదల చేసేసరికి 2025 జూన్ అయింది. మధ్యలో 2007లో ఒక సీక్వెల్ వచ్చినా దాని దర్శకుడు వేరు. అసలు జంట ఈ కథకి తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటిపోయింది. కలిసి తీసిన చోటు కూడా ఎక్కడో కాదు, ఈశాన్య ఇంగ్లాండులో నేనుండే న్యూకాజిల్ చుట్టుపక్కలే. 2024 వేసవిలో నార్తంబర్లాండ్ అడవుల్లో, హోలీ ఐలాండ్ దగ్గర షూటింగ్ జరుగుతోందని మా ఆఫీసులో రోజూ ఇదే కబురు. అది విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మూలన పడ్డ మా సినిమా ఉన్న హార్డ్‌డిస్కు.

2017లో ఇక్కడి తెలుగువాళ్లం కొందరం కలిసి ఒక చిన్న భయానక చిత్రం తీశాం. రోగం సోకి ఊళ్లన్నీ ఖాళీ అయిపోతాయి, సముద్రపు ఒడ్డున ఒక పసిపిల్ల ఒంటరిగా మిగులుతుంది, అక్కడితో ఆగుతుంది. ఆ పిల్ల మా అక్క కూతురు. అప్పటికి దానికి అయిదేళ్లు. రెండో భాగం 2019లో అనుకున్నాం, 2020లో లాక్‌డౌన్ వచ్చింది, తర్వాత ఒకరు కెనడా వెళ్లిపోయారు, ఒకరు విజయవాడ తిరిగెళ్లారు, మిగిలినవాళ్లకి ఇళ్లూ పిల్లలూ షిఫ్టులూ. చివరికి 2025లో పూర్తిచేశాం. ఇలా మధ్యలో ఆగిపోయిన పని చేతిలో ఉన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి, ఎలా పూర్తయిందో వివరంగా రాస్తున్నాను.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది హక్కుల సంగతి. బాయిల్ వాళ్ల సినిమా అంతకాలం ఆగడానికి పెద్ద కారణం అదే. పాత సినిమా హక్కులు స్టూడియో దగ్గర ఉండిపోయాయి, అవి విడిపడేదాకా కథ ఉన్నా లాభం లేదు. ముడి విడిపోయాక మాత్రం ఎంత వేగం! 2024 మొదట్లో సోనీ ముందుకొచ్చింది, మే నెలకల్లా కెమెరా తిరిగింది. మాది డబ్బు చేతులు మారిన సినిమా కాదు, అయినా చిక్కు అలాంటిదే. ఫుటేజీ ఒకరి దగ్గర, సంగీతం ఒకరిది, కథ ఇద్దరిది, ఎవరూ ఎక్కడా సంతకం పెట్టింది లేదు. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొహమాటపడతాం. కానీ ఆ కాగితం లేకే ప్రతివాళ్లూ అవతలివాళ్లు ఏమనుకుంటారోనని చెయ్యి పెట్టకుండా ఊరుకున్నారు. ఒక్క పేజీ రాసి అందరికీ పంపాను. ఎవరి పేరు ఎక్కడ వస్తుంది, ఎవరు లేకపోయినా పని సాగించవచ్చా, పాత సంగీతం వాడుకోవచ్చా, అంతే. విజయవాడ నుంచి అన్నయ్య (సొంత అన్నయ్య కాదు, మా అందరికీ అన్నయ్యే) సంతకం చేసి పంపుతూ, “ఇది అప్పుడే అడిగుంటే అప్పుడే పెట్టేవాణ్ణి కదమ్మా” అన్నాడు.

ఇక కథ. 2019 నాటి స్క్రిప్టు మొదటి భాగం అయిన మర్నాడు పొద్దున మొదలవుతుంది. 2025లో అది తీయలేం, అయిదేళ్ల పిల్ల పదమూడేళ్లది అయింది. వేరే పాపని పెట్టేద్దాం అన్నారు కొందరు. నేను ససేమిరా అన్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘28 ఇయర్స్ లేటర్’ చూశాను. అందులో నాకు బాగా నచ్చింది భయపెట్టిన తీరు కాదు, గడిచిన కాలాన్ని వాళ్లు ఎక్కడా దాచకపోవడం. ద్వీపం మీద మిగిలిన ఊరి జనం తూటాలు తయారు చేసుకోలేరు, అందుకే విల్లంబులు పడతారు. వాళ్లకి స్మార్ట్‌ఫోన్ అంటే తెలియదు. వాళ్ల ఊరి హాల్లో ఇంకా ఎలిజబెత్ రాణి పటమే. రోమన్ల కాలపు హేడ్రియన్ గోడ పక్కనున్న సికమోర్ గ్యాప్ చెట్టును నిజజీవితంలో 2023 సెప్టెంబరులో ఇద్దరు రాత్రికి రాత్రి నరికేశారు, ఈ ప్రాంతం వాళ్లంతా ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డారు. సినిమాలో ఆ చెట్టు నిలబడే ఉంది, ఎందుకంటే ఆ ప్రపంచం 2002లోనే ఆగిపోయింది. రేఫ్ ఫైన్స్ వేసిన డాక్టరు కట్టిన ఎముకల గోపురం కూడా అంతే. దానికోసం 2,50,000కు పైగా నకిలీ ఎముకలు, 5,500 పుర్రెలు తయారుచేసి నార్త్ యార్క్‌షైర్‌లో నిలబెట్టారు. ఒక మనిషి ఏళ్లకేళ్లు చేసిన పని అని అది చూడగానే తెలుస్తుంది, ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి మా అక్క కూతురికి పాత సినిమా వేసి చూపించాను. అదంతా చూసి, “పిన్నీ, ఆ పిల్ల ఇన్నేళ్లూ ఏం తింది? ఎవరు జడ వేశారు?” అంది.

ఆ రెండు ప్రశ్నల మీదే కొత్త స్క్రిప్టు రాశాం. ఎనిమిదేళ్లు ఒంటరిగా పెరిగిన పిల్ల, ఆ పిల్లని చూసి రోగం ఉందేమోనని భయపడే ఒక ముసలి జంట. జడ సంగతి దగ్గర చాలాసేపు కూర్చున్నాం. జుట్టు కత్తిరిస్తానంటే అక్క ఒప్పుకోలేదు, న్యాయమే. విగ్గు కొని, కత్తెరతో కాకుండా గొర్రెల ఉన్ని తీసే పాత కత్తిరితో వంకరటింకరగా కోసి, కొబ్బరినూనె రాసి ఒడ్డున ఇసుకలో దొర్లించాం. నూనెకు పట్టిన ఇసుక ఆరాక జుట్టు కట్టలు కట్టలుగా అతుక్కుంది. ముసలావిడ వేషం వేసిన ఆంటీ ఆ చిక్కు తీయబోయి, వేళ్లు దూరక, చివరికి ఆ పిల్ల తల మీద చెయ్యి అలా ఉంచేసింది. అది స్క్రిప్టులో లేదు. సినిమాలో ఇప్పుడు అందరూ అడిగే షాట్ అదే.

పరికరాల విషయంలో బాయిల్ బృందం నుంచి ధైర్యం తెచ్చుకున్నాం. 2002లో వాళ్లు కెనాన్ ఎక్స్‌ఎల్1 అనే చిన్న డిజిటల్ క్యామ్‌కార్డర్లు వాడారు. ఖాళీ లండన్ దృశ్యాల కోసం తెల్లవారుజామున కాసేపే ట్రాఫిక్ ఆపే వీలుంటుంది, పెద్ద కెమెరాలు బిగించేలోపు ఆ సమయం అయిపోతుంది. ఇప్పుడు అదే ఛాయాగ్రాహకుడు ఆంథనీ డాడ్ మాంటిల్ చాలా భాగం ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌లతో తీశాడు, వాటికి సినిమా లెన్సులు తగిలించి. 8, 10, 20 ఫోన్లు వరుసగా బిగించిన చట్రాలు కూడా చేశారు, దెబ్బ తగిలే క్షణాన్ని ఒకేసారి అన్ని వైపుల నుంచీ పట్టడానికి. మేం ప్లైవుడ్ ముక్కని విల్లులా కోసి మా ఫోన్లే బిగించాం. ఇది ప్రయత్నించేవాళ్లకి ఒక మాట: ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఫోకస్, ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) అన్నీ ఒకేలా లాక్ చేయాలి. వదిలేస్తే ఒక ఫోన్లో ఆకాశం నీలం, పక్క ఫోన్లో బూడిద రంగు వస్తుంది, ఎడిటింగ్‌లో అతికేది కాదు. అన్నీ ఒకే తయారీ ఫోన్లైతే ఇంకా మంచిది. ప్రతి షాట్ ముందు ఒకసారి చప్పట్లు కొడితే చాలు, ఆ శబ్దం పట్టుకుని అన్ని ఫోన్ల వీడియోలూ కలుపుకోవచ్చు.

అనుమతుల గురించి చెప్పాలంటే, తీరిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోతారు. స్థలం ఎవరిదో వాళ్లనే అడగాలి, అడవికి ఒకరు, ఒడ్డుకి ఒకరు, దారికి కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ. అందరూ మొదట అడిగేది 50 లక్షల పౌండ్ల పబ్లిక్ లయబిలిటీ బీమా (మన వల్ల బయటివాళ్లకి హాని జరిగితే ఇచ్చేది) కాగితం, తర్వాత రిస్క్ అసెస్‌మెంట్, అంటే ఏ ప్రమాదాలు రావచ్చో, ఎలా ఆపుతామో రాసిన పత్రం. ఒక బీమా సంస్థ ‘భయానక చిత్రం’ అన్న మాట చూసి రోజుల తరబడి జవాబివ్వలేదు, వేరేచోట గంటలో పనైపోయింది. కర్రలు, బొమ్మ కత్తులు చేతిలో ఉంటాయి గనక 101కి (అత్యవసరం కానివాటికి పోలీసుల నంబరు) ఫోన్ చేసి ముందే చెప్పాం, వాళ్లిచ్చిన రిఫరెన్స్ నంబరు రాసిన బోర్డు దారి మొదట్లో పెట్టాం. కుక్కల్ని తిప్పేవాళ్లు ఆగి చదువుకుని నవ్వుకుంటూ వెళ్లేవారు.

పిల్లల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంగ్లాండులో పిల్లలు నటించాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. డబ్బివ్వకుండా, బడి మానిపించకుండా, ఆరు నెలల్లో నాలుగు రోజులు మించకపోతే దానికి మినహాయింపు ఉంది. మేం ఆ లోపలే ముగించేలా షూటింగ్ అంతా శని ఆదివారాలకి సర్దాం, అక్క పక్కనే ఉంది. ‘28 ఇయర్స్ లేటర్’లో కూడా ప్రధాన పాత్ర ఒక కుర్రాడిది. బట్టల్లేని రోగులు తెరంతా కనిపిస్తారు కదా, పిల్లాడు సెట్లో ఉన్నందువల్ల వాళ్లందరికీ కృత్రిమ అవయవాలు (ప్రోస్థెటిక్స్) తొడిగారని బాయిల్ స్వయంగా చెప్పాడు. అంత పెద్ద సినిమాకే తప్పనప్పుడు మనకెందుకులే అనుకోకూడదు.

మాకు కావలసింది హోలీ ఐలాండ్ ఎదురుగా ఉండే ఒడ్డు. అక్కడ ద్వీపానికి వెళ్లే రోడ్డు రోజుకి రెండుసార్లు సముద్రంలో మునిగిపోతుంది. సురక్షితంగా దాటే సమయాల పట్టిక కౌన్సిల్ పెడుతుంది, అయినా ఏటా కార్లు నీళ్లలో చిక్కుకుంటూనే ఉంటాయి. దారి మధ్యలో, రోడ్డు పక్కన, పొడుగాటి కాళ్ల మీద ఒక తెల్లగది కట్టారు, చిక్కుకున్నవాళ్లు ఎక్కి కూర్చోడానికి. బాయిల్ కథంతా ఆ రోడ్డు మీదే నిలబడింది, తండ్రీ కొడుకులు దాన్ని దాటి వెళ్లడం, నీరు వచ్చేలోపు తిరిగి రావడం. మేం ద్వీపంలోకి పోలేదు, ఇవతలి వైపే తీశాం, అయినా మా కాల్‌షీట్ మొత్తం ఆ పట్టిక చూసే వేశాం. వేసవిలో వద్దనుకోడానికి ఇంకో రెండు కారణాలు. జూన్‌లో ఇక్కడ నాలుగున్నరకే సూర్యోదయం, రాత్రి పది దాకా వెలుగు, భయపెట్టడానికి చీకటే దొరకదు. పైగా ఆ ఒడ్డంతా రక్షిత ప్రాంతం, ఆ నెలల్లో ఇసుక మీద పక్షులు గుడ్లు పెడతాయి. అందుకే సెప్టెంబరు.

సెప్టెంబరులో ఇంకో బెడద. మా రక్తం గోల్డెన్ సిరప్, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి. రంగు అద్భుతం, ఎండలో కూడా జేగురుగా కనిపిస్తుంది. కానీ ఆ తీపికి కందిరీగలు మూగాయి. రోగులుగా వేషం వేసిన తమ్ముళ్లు చచ్చినట్టు పడి ఉండాల్సిన చోట ఒక్కరూ కదలకుండా ఉండలేకపోయారు. తర్వాత మెడ దగ్గరా మొహం మీదా సిరప్ బదులు తీపి లేని జెల్ వాడాం.

శబ్దం మాకు ఉచితంగా దొరికింది. నీరు తీసిన వేళ దూరంగా ఇసుక దిబ్బల మీద సీల్ చేపలు చేరతాయి. చేపలంటాం గానీ పాలిచ్చే జంతువులు. అవి గుంపుగా మూలుగుతుంటే మనుషులు ఏడుస్తున్నట్టే ఉంటుంది, గాలి వాలుని బట్టి దగ్గరకొస్తుంది, పోతుంది. మా సౌండ్ చూసే కుర్రాడు మైకుకి బొచ్చు తొడుగు వేసి, మమ్మల్నందర్నీ నోరు మూసుకోమని, అలా చాలాసేపు పట్టాడు. సినిమాలో రోగులు కనపడకముందు వినిపించేది ఆ మూలుగే.

ఎడిటింగులో 2017 నాటి ముక్కలు కొన్ని అలాగే వాడాం. పాత దృశ్యానికి రంగులు సరిచేయలేదు, పదును పెంచలేదు. అయిదేళ్ల మొహం నుంచి పదమూడేళ్ల మొహానికి నేరుగా కట్. ఏ మేకప్పూ, ఏ గ్రాఫిక్సూ ఇవ్వలేనిది ఆ ఆలస్యమే మాకు ఇచ్చింది. 2019లో అనుకున్నట్టే తీసి ఉంటే మామూలు సినిమా అయ్యేదని నా గట్టి నమ్మకం.

బాయిల్ వాళ్లు తర్వాతి భాగం ‘ది బోన్ టెంపుల్’ని వెంటవెంటనే తీయించేశారు, నియా డకోస్టా దర్శకత్వంలో, అది 2026 జనవరిలో వచ్చింది. మేం కూడా ఆ ఒడ్డునే ఉండగా మూడో భాగానికి కావలసిన రెండు సీన్లు తీసి పెట్టుకున్నాం. ఒప్పంద కాగితంలో మూడో భాగం గురించి ఒక వాక్యం కలిపి అందరి సంతకాలూ మళ్లీ తీసుకున్నాను. మా పిల్లకి 2028లో జీసీఎస్‌ఈ పరీక్షలు (మన పదో తరగతి లాంటివి), చదువుకి అడ్డం రాకూడదని అక్క ముందే చెప్పేసింది. అందుకని మిగతాది 2027 సెప్టెంబరుకే పెట్టుకున్నాం, పక్షులు వెళ్లిపోయాక.