మూడో దశాంశ స్థానం

మా నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి ఎవరైనా కువైట్ వెళ్ళారంటే డ్రైవింగుకో ఇంటి పనికో వెళ్ళారనే అనుకుంటారు. నిజానికి చాలామంది వెళ్ళేదీ అందుకే. నేను అక్కడ వెబ్‌సైట్ల పని చేస్తానంటే సైట్లు తయారు చేస్తానని అర్థం చేసుకుంటారు గాని, నా ఉద్యోగంలో తయారీ పాలు తక్కువ. సైట్లను నడిపే సాఫ్ట్‌వేర్లయిన జూమ్లాలోనో వర్డ్‌ప్రెస్‌లోనో, ఎక్కడో ఎవరో రాసిన ఎక్స్‌టెన్షన్‌ను, అంటే అదనపు సౌకర్యం చేర్చే ప్రోగ్రామును ఎక్కించి, కువైట్‌లో వ్యాపారం చేసుకునేవారి అవసరానికి తగినట్టు సర్దడమే రోజువారీ పని.

ఎక్కించడం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. అడ్మిన్ పేజీలో జిప్ ఫైలును అప్‌లోడ్ చేస్తే, జూమ్లా దాని లోపలున్న ఎక్స్‌ఎంఎల్ ఫైలును చదివి, ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లోకి పోవాలో, డేటాబేస్‌లో ఏ టేబుళ్ళు వెయ్యాలో తెలుసుకుని ఆ పని చేసేస్తుంది. ఎక్కకపోతే ముందుగా చూడవలసింది సర్వర్‌లో పీహెచ్‌పీ (జూమ్లా రాసిన భాష) అప్‌లోడ్ పరిమితి. ఎవరూ మార్చకపోతే అది 2 ఎంబీ దగ్గరే ఉంటుంది, పెద్ద ఎక్స్‌టెన్షన్లు అందులో పట్టవు. డబ్బు పెట్టి కొనవలసిన ఎక్స్‌టెన్షన్‌ను ఎవరో ఉచితంగా పంచుతున్నారని దింపుకునేవాళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగాలి. అలాంటి జిప్పుల్లో సర్వర్‌లోకి దొడ్డిదారి తెరిచే కోడ్ దాగి ఉండడం ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. కువైట్ దినారుకు 1000 ఫిల్సులు కాబట్టి ధరను మూడు దశాంశ స్థానాలతో చూపించాలి. డాలరునో యూరోనో దృష్టిలో పెట్టుకుని రాసిన షాపింగ్ కార్ట్ రెండు స్థానాల దగ్గరే ఆగిపోయి, 1.125 దినార్లను 1.13 చేసి కూర్చుంటుంది. తేడా 5 ఫిల్సులే అయినా, బ్యాంకు నుంచి వచ్చిన మొత్తమూ ఇన్‌వాయిస్ మీది మొత్తమూ కలవకపోతే అకౌంట్స్ వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మంచి కార్టుల్లో స్థానాల సంఖ్య మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది, కోడ్ ముట్టుకోనక్కరలేదు. కాని డేటాబేస్ టేబుల్‌లో ధర దాచే గడే రెండు స్థానాలకు కట్టి ఉంటే, సెట్టింగ్ మార్చాక తెర మీద 1.130 కనబడుతుంది, చూసేవారికి అంతా సరిగానే ఉన్నట్టు తోస్తుంది. అందువల్ల కొత్త కార్ట్ ఎక్కించగానే మూడో స్థానంలో 5 ఉన్న ధర ఒకటి వేసి, దాన్ని తిరిగి తెరిచి చూడడం నాకు అలవాటయింది.

ఇక అరబిక్ సంగతి. పేజీ కుడి నుంచి ఎడమకు తిరగాలి, బాణం గుర్తులు దిశ మార్చుకోవాలి, ఫోన్ నంబరు మాత్రం తిరగకూడదు. ఎక్స్‌టెన్షన్ రాసినవారు పేజీ అమరికను చెప్పే సీఎస్ఎస్‌లో ఎడమ, కుడి అని రాయకుండా వరుస మొదలు, వరుస చివర అని రాసి ఉంటే సగం పని తప్పుతుంది. అలా రాసేవారు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. ఏకవచన, బహువచనాలతో సరిపెట్టుకునే భాషల వాళ్ళు రాసిన ప్రోగ్రాము, సంఖ్యను బట్టి మాటకు ఆరు రూపాలు అడిగే అరబిక్ దగ్గర తడబడుతుంది. మా ఆఫీసులో డిజైన్ చూసేది మలయాళీ, అరబిక్ సరిచూసేది ఈజిప్టు ఆయన, ఆ ఇద్దరి మాటలనూ కోడ్‌లో పెట్టేది నేను. ముగ్గురమూ మాట్లాడుకునే ఇంగ్లీషు ముగ్గురిదీ కాదు.

నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన పనిమంతుడే. ఒక అపాయింట్‌మెంట్ ఎక్స్‌టెన్షన్‌లో అరబిక్ ఫారాన్ని చక్కగా కుదిర్చాడు, కాకపోతే ఎక్స్‌టెన్షన్ సొంత ఫైళ్ళలోనే మార్పులు చేశాడు. ఆయన అకామా (నివాస అనుమతి) ముగిసి వెళ్ళిపోయిన తరువాత ఎవరో అప్‌డేట్ నొక్కగా, కొత్త ఫైళ్ళు పాతవాటి మీద కూర్చుని ఆ పనంతా తుడిచిపెట్టాయి. ఏమి పోయిందో చెప్పగలిగినవారు కూడా ఆఫీసులో లేరు. మా డెల్టాలో బుద్ధి ఉన్న రైతు ఎవడూ తన చేలోకి నీళ్ళ కోసం కాలువ గట్టుకు గండి కొట్టడు. తూము దగ్గర నుంచి బోదె తీసుకుంటాడు. జూమ్లాలో ఆ తూములు కట్టే ఉన్నాయి. పేజీ రూపం మార్చాలంటే ఎక్స్‌టెన్షన్‌లోని లేఅవుట్ ఫైలును సైటు రూపాన్ని నిర్ణయించే టెంప్లేట్‌లోని హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి ఆ కాపీని దిద్దుకోవాలి. తెర మీది మాట మార్చాలంటే, అసలు మాట బదులు మన మాట చూపించే లాంగ్వేజ్ ఓవర్‌రైడ్ ఉంది. జరిగే పనే మారాలంటే చిన్న ప్లగిన్ రాసుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో ఇదే పనిని అసలు థీమ్‌ను ముట్టకుండా మార్పులు పెట్టుకునే చైల్డ్ థీమ్‌తోనూ, మన కోడ్‌ను తగిలించడానికి ఉంచిన యాక్షన్లు, ఫిల్టర్లు అనే హుక్‌లతోనూ చేస్తారు. కాపీ చేసిన లేఅవుట్‌తో ఒక ప్రమాదమూ ఉంది: అసలు ఫైలులో భద్రతా లోపం సరిదిద్దినా మన కాపీలో అది అలాగే మిగిలిపోతుంది. 2021 ఆగస్టులో వచ్చిన జూమ్లా 4 నుంచి, మన కాపీకి మూలమైన ఫైలు మారితే అడ్మిన్‌లో తెలియజేస్తున్నారు. ఆ సూచన చూడకుండా దాటేసేవాళ్ళే ఎక్కువ.

అకామా మీద బతికేవాళ్ళ చేతుల్లో ఉండే సైట్లకు ఈ పద్ధతి మరీ అవసరమని నా అభిప్రాయం. రేపు ఆ కుర్చీలోకి ఎవరు వస్తారో, వారిది ఏ దేశమో తెలియదు. అందుకే చేసిన ప్రతి మార్పునూ ఎక్స్‌టెన్షన్ బయటే ఉంచి, ఎందుకు చేశానో ఫైలు పైభాగంలో రెండు వాక్యాలు రాస్తాను.

కువైట్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. అందుకని అప్‌డేట్లు గురువారం సాయంత్రం సైటు నకలు మీద వేసి పెడితే, శుక్రవారం నరసాపురంలో మా మేనల్లుడు, పాలకొల్లులో అతని స్నేహితుడు ప్రతి ఫారమూ నింపి చూస్తారు. మనవాళ్ళ గడియారం కువైట్ కంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, నేను నిద్ర లేచేసరికి సగం జాబితా వచ్చి ఉంటుంది.

ఆ పిల్లలే ఇప్పుడు నరసాపురంలో ఒక లేసు ఎగుమతిదారుకు సైటు కట్టారు. అల్లిక బట్టల కొలతలు, నూలు రకం చూపించడానికి ఒక ఎక్స్‌టెన్షన్ కొందామన్నారు, వద్దన్నాను. 2017లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి కస్టమ్ ఫీల్డ్స్ (మనకు కావలసిన వివరాల గడులు) జూమ్లాలోనే ఉన్నాయి, కొన్న ప్రతి ఎక్స్‌టెన్షనూ రేపు అప్‌డేట్ చేసుకోవలసిన మరొక బరువు. తెలుగు శీర్షిక పెట్టిన పేజీలకు చిరునామాలో తేదీ, సమయం అంకెలు వస్తున్నాయన్నారు. గ్లోబల్ కాన్ఫిగరేషన్‌లో యూనికోడ్ ఏలియస్ (చిరునామాలో తెలుగు అక్షరాలే ఉంచే సెట్టింగ్) తెరిచాక ఆ గొడవ తీరింది. తీరనిది పీడీఎఫ్ బిల్లు. మొగల్తూరు, ద్రాక్షారామం వంటి ఊరి పేర్లలో ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా విడివిడిగా పక్కన పడుతున్నాయి. ఫాంటు మార్చి చూశారు గాని, లోపం ఫాంటుది కాదు; ఆ సైటులోని కార్ట్ పీడీఎఫ్ తయారీకి వాడే కోడ్ లైబ్రరీకి తెలుగు అక్షరాలను కూర్చడం రాదు. ఆ పని తెలిసిన ఎంపీడీఎఫ్ అనే లైబ్రరీతో బిల్లు తయారు చేసే ప్లగిన్ ఒకటి రాసి, కార్ట్ ఫైళ్ళను ముట్టకుండా పక్కన పెట్టించాను.

"మావయ్యా, కొత్త కార్ట్ బాగానే నడుస్తోంది కదా, పాతది తీసేయమంటారా?" అని, ఆ లేసు సైటులో కార్ట్ మార్చాక, మేనల్లుడు మొన్న అడిగాడు.

"తీసెయ్యొద్దురా, డిసేబుల్ చేసి ఉంచు" అన్నాను. అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే చాలా ఎక్స్‌టెన్షన్లు తమ టేబుళ్ళను కూడా డేటాబేస్ నుంచి తుడిచేస్తాయి. ఆ ఎగుమతిదారు పాత ఆర్డర్లన్నీ వాటిలోనే ఉన్నాయి, మార్చి నెల లెక్కలు ముగిసేదాకా ఆడిటరుకు అవి కావాలి.